డెబ్బై రెండో బొమ్మ

ప్రెస్సు, పేజీలు పెట్టే గది
జూన్ 3

వదినకి,

చిట్టి రాసేది. ఎలా ఉన్నావని అడగను. అడిగితే "బాగానే ఉన్నా" అంటావు, నాకు ఒళ్ళు మండుతుంది. ఫోన్ చేస్తే చెరో వైపు ముక్కు చీదుకోవడం తప్ప పని సాగట్లేదు కాబట్టి ఉత్తరాలే నయం. ప్రూఫు కాగితాలు ఎలాగూ పోస్టులోనే పంపాలి కదా.

ట్రైనింగ్ సెంటర్ పెద్దసారు మాట మీద నిలబడ్డారు. అన్నయ్య పదిహేడేళ్ళు పాఠం చెప్పిన గదిలో ఇక మీదట అన్నయ్య పుస్తకమే చదువుతారు. "కుట్టు మెషిన్ రిపేరు" అని పైన, అన్నయ్య పేరు కింద. నవంబరులో కొత్త బ్యాచి మొదలయ్యేసరికి అయిదు వందల కాపీలు ఇవ్వాలి. ఫిబ్రవరిలో అన్నయ్య పోకముందు, జనవరి చివర నాకు మెయిల్లో పంపిన ఫైలు తెరిచాను. అక్షరాలకు వంక పెట్టడానికి లేదు. నూట పద్నాలుగు బొమ్మలు మాత్రం మసక. రెండు పేజీలు అచ్చు తీసి జతచేశాను, నువ్వే చూడు. స్ప్రింగు చుట్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. పక్కన వేసిన అంకె మూడో ఎనిమిదో తెలీదు. రిపేరు నేర్చుకునే మనిషికి ఆ అంకే ప్రాణం.

కంగారు పడకు. ఇది మా ప్రెస్సులో రోజూ ఉండే రోగమే. అన్నయ్య వేసినవి గీతల ఫైళ్ళు. అంటే అందులో బొమ్మ ఉండదు, "ఇక్కణ్ణించి ఇక్కడిదాకా ఇంత లావు గీత" అన్న లెక్క ఉంటుంది. గోడంత పెద్దది చేసినా పదును పోదు. డాక్యుమెంటులో పెట్టినప్పుడు అది దాన్ని చుక్కల బొమ్మగా మార్చి, సేవ్ చేసిన ప్రతిసారీ పిండేస్తుంది. పిండొద్దని సెట్టింగుల్లో ఒక టిక్కు ఉంటుంది, మనవాడు పెట్టి ఉండడు. నువ్వు అన్నయ్య కంప్యూటరు తెరిచి, ఆ టిక్కు పెట్టి, ఫైలు మళ్ళీ నాకు పంపు. ఎలాగో వెనక కాగితం మీద రాశాను.

తింటున్నావా? అది మాత్రం అడుగుతా.

నీ చిట్టి

*

ఇల్లు
జూన్ 11

చిట్టికి,

నీ ఉత్తరం, కాగితాలు అందాయి. ఆయన పేరు అచ్చులో చూసి వంటింట్లోకెళ్ళి కాసేపు కూర్చున్నాను. తర్వాత లేచి తిన్నాను కూడా. అడిగావుగా.

పెద్దసారుకి నా నమస్కారాలు చెప్పు. యూనిఫారాలు కుట్టే మా హాల్లో అందరికీ చెప్పాను. మా సూపర్‌వైజరమ్మ "అయితే మెషిన్ చెడితే ఇక మీ ఆయన్ని పిలవక్కర్లా, పుస్తకం తెరిస్తే చాలు" అంది. అన్నాక నాలిక కరుచుకుంది. నేనేమీ అనుకోలేదులే.

కంప్యూటరు ఇప్పుడు సరిగా లేదు. నీ దగ్గర అన్నీ ఉన్నాయిగా, వాటితోనే ఏదైనా చెయ్యి. మీ అన్నయ్య ఎప్పుడూ అనేవారు, "మా చిట్టి చేతిలో పడితే పేజీ పేజీలా ఉంటుంది" అని. నాకు ఈ పిండడాలూ టిక్కులూ ఏం తెలుస్తాయి?

వదిన

*

ప్రెస్సు
జూన్ 18

వదినకి,

మూడు రోజులుగా ఈ ఫైలుతోనే కుస్తీ. పిండొద్దని చెప్పి చూశాను. అచ్చు నాణ్యత చివరికంటా పెంచాను. పిడిఎఫ్‌గా మార్చి చూశాను. లేనిది ఎక్కణ్ణించి వస్తుంది? మసక అలాగే ఉంది, కాస్త పెద్దదయింది అంతే. తల ప్రాణం తోకకొచ్చింది.

ఇవాళ ఒక బొమ్మ మీద నొక్కి దాని పుట్టుపూర్వోత్తరాలు తీస్తే అసలు విషయం బయటపడింది. ఈ డాక్యుమెంటులో బొమ్మలే లేవు వదినా. లింకులున్నాయి. ఒక్కో బొమ్మ దగ్గర "అన్నయ్య కంప్యూటర్లో, ఫలానా ఫోల్డర్లో, ఫలానా ఫైలు" అని చిరునామా ఉంది. మనకు కనిపించేది ఊరికే గుర్తు కోసం పెట్టుకున్న పల్చటి నకలు. అసలైన నూట పద్నాలుగు గీతల ఫైళ్ళూ అక్కడే ఉన్నాయి. ఎందుకిలా పెట్టాడో, ఎవరు చెప్పారో ఏమో.

ఇది మంచి వార్తే. పోయిందేమీ లేదు. కంప్యూటరు సరిగా లేదన్నావు, ఏమయింది? ఆన్ అవట్లేదా? వీధి చివర రిపేరు షాపతన్ని పిలిస్తే చాలు. రెండో డ్రైవులో "బొమ్మలు" అని ఫోల్డరు ఉంటుంది, దాన్ని అలాగే పెన్‌డ్రైవులోకి ఎక్కించి పంపు. నేను ఒక్క పూటలో అన్నీ లోపల పెట్టేస్తాను.

నీ చిట్టి

*

ఇల్లు
జూలై 1

చిట్టీ,

ఆలస్యమైంది. హాల్లో పని ఎక్కువగా ఉంది, బడులు తెరిచారు కదా.

నీ దగ్గర అసలు బొమ్మలు లేవా? ఒక్కటి కూడా? జనవరికి ముందు పంపినవి? సరిగ్గా వెతుకు. పాత మెయిళ్ళు చూడు.

వదిన

*

ప్రెస్సు
జూలై 14

వదిన గారికి,

పాత మెయిళ్ళన్నీ వెతికాను. లేవు. అందులోనూ లింకులే. ఈ సంగతి నేను క్రితం ఉత్తరంలోనే స్పష్టంగా రాశాను.

మీకు మూడుసార్లు ఫోన్ చేశాను. తియ్యలేదు. పక్కింటావిడకి చేస్తే "బాగానే ఉంది, రోజూ పనికెళ్తోంది" అన్నారు. రిపేరు షాపతన్ని ఫోన్లో పట్టుకుంటే, మీ ఇంటినుంచి ఎవరూ కంప్యూటరు తేలేదన్నాడు. అంటే ఏమనుకోవాలి? పెద్దసారు నిన్న కబురు పెట్టారు. ఆగస్టు నెలాఖరుకి పేజీలు ఇవ్వకపోతే, బజార్లో దొరికే వేరే పుస్తకం తెప్పించుకుంటారట. ఆయన తప్పు లేదు.

అన్నయ్య ఆరేళ్ళు కూర్చుని చేసిన పని. ఒక్కో స్క్రూ విప్పి, కొలిచి, గీసింది. ఆ కంప్యూటరు ముట్టుకుంటే మీకు బాధగా ఉంటుందని నాకూ తెలుసు. నాకు మాత్రం లేదా? అన్న అనే పదానికి నాకున్నది ఆయనొక్కడే. మీ బాధ కోసం ఆయన పేరు అచ్చు కాకుండా పోతే నేను ఊరుకోలేను. మీరు తెరవలేకపోతే చెప్పండి, నేనే బయల్దేరి వస్తాను.

ఇట్లు

*

ఇల్లు
జూలై 20

చిట్టీ,

నన్ను "మీరు" అన్నావు. నీ పన్నెండో ఏట, నేను ఈ ఇంటికొచ్చిన మొదటి రోజే "వదినా, నువ్వు నాకు జడ వేస్తావా" అన్నదానివి. ఆ "మీరు" చదివి చెప్పు దెబ్బ తిన్నట్టయింది. తినాల్సిందేలే.

రావద్దు. వచ్చి చూసేదేమీ లేదు. కంప్యూటరు బాగానే ఉంది. ఆన్ అవుతుంది. అందులో ఏమీ లేదు. నేనే తుడిచేశాను.

ఎలా చెప్పను? ఆ రోజు పొద్దున పదిన్నరకి బొమ్మ గీస్తూ గీస్తూ మంచినీళ్ళకని లేచారు. గుమ్మం దాకా కూడా రాలేదు. ఆ తర్వాత ఎప్పుడు కంప్యూటరు పెట్టినా అది ఒకటే అడిగేది. "మీరు సేవ్ చేయని ఫైలు ఒకటి ఉంది. తిరిగి తెరవాలా?" బ్యాంకు కాగితం కోసం పెడితే అదే. పెన్షన్ ఫారం కోసం పెడితే అదే. తెరవమంటే ఆయన ఆపేసిన గీత కనిపిస్తుంది. వద్దంటే అది పోతుంది. నేను అవునూ అనలేక, కాదూ అనలేక స్విచ్చి కట్టేసేదాన్ని. రెండు నెలలు అలా గడిపాను. ఏప్రిల్లో ఒక రోజు ఇక భరించలేక, మొత్తం కొత్తదానిలా చేసే చోటు వెతికి నొక్కాను. అన్నీ తుడిచేయమంటారా అంది. అవును అన్నాను. నిజంగానా అని మళ్ళీ అడిగింది. దానికీ అవునే అన్నాను.

ఎందుకన్నానంటే, అన్నీ నీ దగ్గర ఉన్నాయనుకున్నాను చిట్టీ. ఆయన వేరే నకలు ఎక్కడా పెట్టుకోలేదు. మొదట్లో ఒకసారి అడిగితే "చిట్టి దగ్గర ఒకటుందిగా, బీరువాలో పెట్టినట్టే" అన్నారు. నేనూ అదే అనుకుని నొక్కాను.

నీ మొదటి ఉత్తరం చదివినప్పుడే భయం పట్టుకుంది. రెండోది చదివాక ఆ భయమే నిజమైంది. ఈ నెల మొదట్లో మా సూపర్‌వైజరమ్మని తోడు తీసుకుని, పోయినవి వెనక్కి తీసే చోటికి బస్సులో రెండు గంటలు వెళ్ళాను. తొమ్మిది రోజులు పెట్టుకున్నాడు. తుడిచిన చోటే అంతా కొత్తగా ఎక్కించేశారమ్మా, ఏమీ మిగల్లేదు అన్నాడు. మంచివాడు, నాకు మంచినీళ్ళిచ్చాడు.

ఆయన్ని నేను రెండోసారి పోగొట్టుకున్నాను, ఈసారి నా వేలితోనే. నువ్వు ఎంత తిట్టినా పడతాను. నాతో మాట్లాడకపోయినా పడతాను.

వదిన

*

ప్రెస్సు
ఆగస్టు 2

వదినా,

నీ ఉత్తరం పది రోజులు నా సంచిలో ఉంది. రోజూ తీసి చదివి మళ్ళీ పెట్టాను. తిట్టడానికి కాదు. నేనొకటి దాచాను, అది రాయడానికి చెయ్యి రాలేదు.

లింకులు ఎవరు పెట్టమన్నారో ఏమో అని రాశాను చూడు. పచ్చి అబద్ధం. నేనే పెట్టమన్నాను. నిరుడు దీని తొలి సగం పంపినప్పుడు ఫైలు మోయలేనంత బరువు. నా కంప్యూటరు బిగుసుకుపోయింది, పక్కనున్న పెళ్ళి కార్డు పని కాస్తా పోయింది. ఆ ఫైలునీ, అది వచ్చిన మెయిల్నీ కోపంతో అప్పుడే చెరిపేశాను. ఫోన్ చేసి అరిచాను. "ఇంత బరువు పంపితే నేను చావాలా? బొమ్మలు నీ దగ్గరే ఉంచుకుని లింకులు పంపు, చివర్లో అసలువి నేనడుగుతా" అన్నాను. అన్నయ్య నవ్వి "అలాగేలే తల్లీ, మెల్లగా" అన్నాడు. చివర్లో అడుగుతానన్నాను. అడగలేదు. జనవరిలో ఫైలు వచ్చినప్పుడు తెరిచి కూడా చూడలేదు. ఎందుకు తొందర, ఎక్కడికి పోతాడులే అనుకున్నాను.

అందుకే నీ మీద అంత కోపమొచ్చింది. కోపమంతా నా మీదే. నువ్వు నొక్కింది అన్నీ పోతాయని తెలిసి కాదు. నేను భద్రంగా ఉంచానని నమ్మి నొక్కావు. నా దగ్గర చిరునామాలు తప్ప ఏమీ లేవు వదినా. నూట పద్నాలుగు చిరునామాలు.

నిన్ను "మీరు" అన్నాను. ఆ కాగితం చింపెయ్యి.

చిట్టి

*

ఇల్లు
ఆగస్టు 9

చిట్టికి,

చింపను. నువ్వు నన్ను గౌరవించిన ఉత్తరం అదొక్కటే.

నువ్వు చెప్పావని నాకు తెలుసు. ఆ ఫోన్ వచ్చినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆ తర్వాత నాలుగు ఆదివారాలు కూర్చుని పెట్టిన బొమ్మలన్నీ తీసేసి, లింకులు పెట్టుకుంటూ పోయారు. "చెల్లి చేత తిట్లు తినడం కంటే ఇదే సుఖం" అన్నారు. లింకంటే ఏమిటో నాకప్పుడు తెలీదు. జూన్‌లో నువ్వు విడమరిచి రాశాక తెలిసింది. నాకు కోపం రాలేదనను. వచ్చింది. రెండు రోజులు నీ ఫోన్ తియ్యనిది సిగ్గుతో కాదు, కోపంతో. మూడో రోజు నుంచి సిగ్గుతో. ఇక ఇద్దరం సమానం. దీని గురించి మళ్ళీ రాయకు.

ఇప్పుడు పని మాట. నీ దగ్గర మసకవి ఉన్నాయి. నా దగ్గర మెషిన్ ఉంది, ఆయన విప్పి గీసింది ఈ మెషినే. ఆయన స్క్రూడ్రైవర్ల డబ్బా ఉంది. నువ్వు మసక బొమ్మ కింద పెట్టుకుని పైన కొత్తగా గీతలు గియ్యి. ఏది తెలియకపోతే నన్నడుగు, నేను విప్పి చూసి చెప్తాను. ఇరవై రెండేళ్ళు కుట్టాను, విప్పడం ఎంతసేపు? పెద్దసార్ని నేనే కలిశాను. నిజం చెప్పేశాను. అక్టోబరు పదిహేను దాకా గడువు ఇచ్చారు.

వదిన

*

ప్రెస్సు
సెప్టెంబరు 12

వదినకి,

డెబ్బై ఒకటి అయ్యాయి. ప్రెస్సు పని అయ్యాక రోజూ మూడు గంటలు. ఈసారి ఒక్కోటీ మూడు చోట్ల దాచాను, మా ఓనరు "దొంగల భయమా?" అని ఎగతాళి. ఎంత పెద్దది చేసి చూసినా గీత కత్తిలా ఉంది.

నువ్వు లేకపోతే ఒక్కటీ అయ్యేది కాదు. హుక్కు కొన ఎడమకన్నావు, నేను కుడికి గీశాను, దిద్దాను. ముప్పై ఒకటో బొమ్మలో అంకె ఎనిమిదే అన్నావు. కానీ నలభై నాలుగులో విప్పిన బాబిన్ కేసు మళ్ళీ బిగించడం రాక రెండు రోజులు ఇంట్లో కుట్లన్నీ చేత్తోనే కుట్టావని రాశావు చూడు, నవ్వాగలేదు. అన్నయ్య వింటే సెంటర్లో అందరికీ చెప్పి ఉండేవాడు.

ఒక్క సంగతి. గీస్తున్నంతసేపూ అన్నయ్య పక్కన కూర్చున్నట్టుంటుంది. గీత పూర్తయి కింద మసక బొమ్మ తీసేయగానే లేచి వెళ్ళిపోయినట్టుంటుంది. డెబ్బై ఒక్కసార్లు అలా వెళ్ళిపోయాడు. నీకు కాక ఎవరికి చెప్పను?

డెబ్బై రెండో బొమ్మ దగ్గర ఆగిపోయాను. పుస్తకం మొత్తంలో మెషిన్ కానిది అదొక్కటే. సూది కింద గుడ్డ పట్టుకున్న ఆడమనిషి చెయ్యి. గుడ్డని ఎంత దూరంలో, ఏ వేళ్ళతో పట్టుకోవాలో చూపించడానికి. అది నీ చెయ్యేనని తెలుస్తూనే ఉంది. కానీ వేళ్ళు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. మెషిన్ దగ్గర అలాగే కూర్చుని చెయ్యి పెట్టి, ఎవరిచేతైనా ఫొటో తీయించి పంపు.

నీ చిట్టి

*

ప్రెస్సు
సెప్టెంబరు 27

వదినకి,

ఫొటో అందింది. గీశాను. ప్రూఫు జతచేశాను. చాలా బాగా వచ్చిందని నేనే అనుకుంటున్నాను. చూసి సరే అంటే ఆ పేజీ బిగించేస్తా. ఇంకా పాతిక మిగిలాయి.

నీ చిట్టి

*

ఇల్లు
అక్టోబరు 4

చిట్టికి,

బొమ్మ బాగుంది. తప్పేమీ లేదు. వేళ్ళు ఎక్కడుండాలో అక్కడే ఉన్నాయి.

నేను పాత మసక ప్రూఫు, నీ కొత్తది పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాను. నీ బొమ్మలో కణుపులు తేలి ఉన్నాయి. ఉంగరం వదులై పక్కకి తిరిగి ఉంది. చేతివెనక నరాలు ఉన్నాయి. నువ్వు చూసింది చూసినట్టు గీశావు, నా చెయ్యి ఇప్పుడు అలాగే ఉంది. ఎనిమిది నెలల్లో ఇలా అయింది.

మసకదాంట్లో చెయ్యి నిండుగా ఉంది. అది గీసిన రోజు నాకు గుర్తుంది. పక్కింట్లో ఎవరో ఇల్లు మారుతున్నారు, సామాను చప్పుడు. "కదలకు, కదలకు" అంటూ గంటన్నర కూర్చోబెట్టారు. చెయ్యి తిమ్మిరెక్కిందంటే "ఇంకొక్క వేలు" అన్నారు. వేలు వేలూ చూసి గీశారు. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో ఆయన నన్ను అంతసేపు చూసింది ఆ రోజే.

మెషిన్ని ఎవరు గీసినా మెషినే. ఆ చెయ్యి మాత్రం ఆయన చూసిన చెయ్యి. అది ఇప్పుడు నా దగ్గర కూడా లేదు. వేళ్ళు కలిసిపోతే పోనీ, చదివేవాళ్ళు తిట్టుకుంటే తిట్టుకోనీ. ఆ ఒక్కటీ మార్చకు చిట్టీ. ఏదీ అడగని దాన్ని, ఇది అడుగుతున్నాను.

వదిన

*

ప్రెస్సు
అక్టోబరు 16

వదినకి,

నిన్న పేజీలన్నీ అచ్చుకి ఇచ్చేశాను. నేను గీసిన చెయ్యి బొమ్మ తీసేశాను. అన్నయ్యది పెట్టాను. మా ఓనరు చూసి "ఈ పేజీ పాడైందమ్మా" అన్నాడు. పాడవలేదు, అలాగే ఉండాలి అన్నాను. పెద్దసారు కూడా ఫోన్ చేశారు. నేర్చుకునేవాళ్ళకి వేళ్ళు సరిగ్గా తెలియవేమో అన్నారు. ఎవరికైనా తెలియకపోతే వదిన వచ్చి చెయ్యి పెట్టి చూపిస్తుందని చెప్పాను. నిన్నడక్కుండా మాటిచ్చేశాను, తిట్టుకో.

మొదటి పేజీలో రచన అన్నయ్య పేరు, బొమ్మలు నా పేరు వేశారు. అబద్ధం వద్దని నువ్వే పట్టుబట్టావటగా. ఆ పేరు చూసుకుని సంతోషించలేకపోయాను. డెబ్బై రెండో బొమ్మ కింద చిన్న అక్షరాల్లో ఒక మాట చేర్చాను. "ఇది రచయిత గీసిన బొమ్మ. ఆయన గీసినవాటిలో మిగిలింది ఇదొక్కటే."

ఆ మాట కూర్చుతూ అంతమంది మధ్య ఏడ్చాను.

నీ చిట్టి

*

ట్రైనింగ్ సెంటర్, రిపేరు గది
నవంబరు 21

చిట్టికి,

పుస్తకం వచ్చింది. కొత్త బ్యాచికి పంచారు. పెద్దసారు పిలిస్తే సెలవు పెట్టి వచ్చాను, ఇక్కడే కూర్చుని రాస్తున్నాను.

మొదటి రోజే ఒకావిడ డెబ్బై రెండో బొమ్మ తీసి, "ఇదేంటండీ, ఏమీ కనపడట్లేదు" అంది. గదంతా నవ్వారు. నేను లేచి వెళ్ళి ఆవిడ మెషిన్ దగ్గర కూర్చుని, గుడ్డ పెట్టి, చెయ్యి ఎలా ఉండాలో చూపించాను. ఆవిడ వంగి చాలా శ్రద్ధగా చూసింది. పుస్తకంలోకి చూసింది, నా చేతికేసి చూసింది. "ఈ బొమ్మలో చెయ్యి మీది కాదు కదండీ?" అంది.

కాదమ్మా అన్నాను.

వదిన